సంగంలో వరద గుర్తు రాళ్ళు నాటించండి

సంపాదకుల వారికి,

అయ్యా,

2021 నవంబరులో కార్తీక పౌర్ణమి దాటీ దాటకముందే పెన్నేరు మా కయ్యల మీద పడింది. నీళ్ళు తీశాక పోయి చూస్తే నారుమడి ఆనవాలు లేదు, మోకాలి లోతు ఇసుక మేట. మోటారు కొట్టం గోడకు నా రొమ్మెత్తున ఎర్రబురద చార మిగిలింది. మరుసటేడు సంక్రాంతికి మా తమ్ముడు ఆ గోడకు సున్నం కొట్టించాడు. చార పోయింది. ఏరు ఎంత ఎత్తుకు వచ్చిందో చెప్పడానికి మాకున్న సాక్ష్యం అదొక్కటే.

నిరుడు అదే దాపున ఎవరో లేఅవుట్ వేసి తెల్లరాళ్ళు పాతారు. అంకణాల లెక్కన బేరం చేస్తున్నారు. కొనడానికి వచ్చిన ఒక కుర్రాడు నన్ను అడిగాడు: "ఇక్కడికి నీళ్ళు వస్తాయా పెదనాయనా?" వేలు పెట్టి చూపిద్దామంటే అక్కడ ఏ గుర్తూ లేదు. ఒక కార్యాలయానికి పోయి ఆ వరద మట్టం ఎక్కడిదాకా వచ్చిందో చెప్పమని అడిగితే, రెండుసార్లు తిప్పి, అర్జీ పెట్టుకోమన్నారు. పెట్టాను. జవాబు రాలేదు.

మా ఊరి పేరులోనే దాని భూగోళం ఉంది. పెన్న, బీరాపేరు, బొగ్గేరు కలిసే తావు కనుక సంగం అయింది. ఆ కలయిక ఒడ్డునే కామాక్షమ్మతో సంగమేశ్వరుడు వెలిశాడు. కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టిన పెన్న అనంతపురం, కడప మెట్టసీమలు దాటి, సోమశిల దగ్గర వెలికొండల సందులోంచి బయటపడుతుంది. అక్కడి నుంచి దాన్ని పట్టి ఉంచే కొండ లేదు. లోయ విప్పారి మాగాణి అయ్యే చోట మేమున్నాం. నీళ్ళు వచ్చినా, రాకపోయినా ముందు తెలిసేది మాకే.

ఏడాదిలో చాలా నెలలు పెన్న అంటే ఇసుకే. నా చిన్నప్పుడు ఎండాకాలంలో మా అవ్వ ఏట్లో చలమ తోడి, చిప్పతో నీళ్ళు ముంచి, గుడ్డ కట్టిన బిందెలోకి వడపోసేది. పైన ఊరిన బురదనీళ్ళు రెండుసార్లు పారబోసి, మూడోసారి తేటనీళ్ళకు కాచుకుని కూర్చునేది. అట్లాంటి ఏరు ఐదు లక్షల క్యూసెక్కులు దాటి వస్తుందంటే కొత్తగా ఊళ్ళోకి వచ్చినవాళ్ళు నమ్మరు. నమ్మకపోవడం వాళ్ళ తప్పు కాదు. మాకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు లోపల పడతాయి. పైన పెన్నలో కలిసే చెయ్యేరు, పాపాఘ్ని, సగిలేరు ఒకేసారి పొంగితే సోమశిల 78 టీఎంసీల జలాశయం కూడా ఎంతని ఆపుతుంది? 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్టే తెగింది. ఇటు నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర రైలుకట్ట, హైవే కోసుకుపోయాయి. సోమశిలలో సోమేశ్వరుడి గుడి దెబ్బతింది.

1876-78 నాటి ధాత కరువులో జనం ఆకలికి చచ్చిన తర్వాత, 1882లో మొదలుపెట్టి 1886కు సంగం ఆనకట్ట కట్టారు. ఆ నీళ్ళు కనిగిరి రిజర్వాయరుకు చేరబట్టే బుచ్చిరెడ్డిపాళెం వైపు మాగాణి పండింది, నెల్లూరు మొలగొలుకుల బియ్యానికి పేరొచ్చింది. మా నాయన ఎడగారు, అంటే రెండో పంట, పెట్టాలా వద్దా అని తేల్చుకోవడానికి ఆ ఆనకట్ట మీదికి పోయి నీళ్ళు చూసొచ్చేవాడు. 2022 సెప్టెంబరు 6న కొత్త బ్యారేజీ ప్రారంభమైంది. దాని కింద 3.85 లక్షల ఎకరాల ఆయకట్టు అంటున్నారు. సంతోషమే. ఆ రోజు నేనూ జనంలో నిలబడి చూశాను, కళ్ళు చెమ్మగిల్లాయి. అయితే ఆ బ్యారేజీ మీద నిలబడి సెల్ఫీలు తీసుకునే పిల్లలకు, నూట ముప్పై ఏళ్ళకు పైగా మనకు కూడుపెట్టిన పాత ఆనకట్ట సంగతి చెప్పే పలక ఒకటైనా ఉండాలి.

నేను అడిగేది పెద్ద ఖర్చు పని కాదు. 2021 వరద మట్టాన్ని సర్వే చేయించి గుడి మెట్ల దగ్గర, బ్యారేజీ దగ్గర, బీరాపేరు వంతెన దగ్గర, బొంబాయి రోడ్డు బస్టాపులో ఒక్కో గుర్తు రాయి నాటించండి. తారీఖు, నీటి మట్టం, క్యూసెక్కులు చెక్కించండి. పాత ఆనకట్ట కట్టిన ఏళ్ళు కూడా. ఆ వరద మట్టం గీతకు లోపల లేఅవుట్లకు అనుమతి ఇచ్చేముందు, కొనేవాళ్ళకు రాతపూర్వకంగా చెప్పాలన్న నిబంధన పెట్టండి. ఇంజినీర్లు, పంచాయతీవాళ్ళు ఒక పూట కూర్చుంటే తేలే పని ఇది.

సున్నం కొట్టిన మా గోడ పక్కనే జాగా ఉంది. రాయి నాటుకోవడానికి ఇస్తాను. ఆ రాత్రి నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో పోయి నిలబడి చూపించగలిగిన ముసలివాళ్ళు మా వీధిలో ఇంకా నలుగురు ఉన్నారు.

ఇట్లు,
ఒక రైతు,
సంగం, నెల్లూరు జిల్లా