ఇది మొక్కు గుండు కాదు

తిరుపతి,
శనివారం రాత్రి

ఒరేయ్ సీనా,

ముందు తిట్టేసెయ్, తర్వాత చదువు. నీ వాయిస్ మెసేజీలు నాలుగు వచ్చినాయి, ఒక్కదానికీ పలకలేదు. తప్పే. కానీ చెప్పాల్సింది ఇంత పెద్దదైనప్పుడు ముక్కలు ముక్కలుగా చెప్పబుద్ధి కాలేదు. పక్కవీధి అన్న రేపు చెన్నైలో కువైట్ ఫ్లైట్ ఎక్కుతున్నాడు. రాత్రి పదకొండుకు వచ్చి పార్సిలు తీసుకుంటానన్నాడు. అమ్మ అవతల నీకు ఊరగాయ కడుతోంది. ఇప్పుడు తొమ్మిదిన్నర. ఎంత రాయగలిగితే అంత.

ఇంటి సంగతులు గబగబా: నాన్న మోకాలు పర్వాలేదు. కాలేజీలో జీతం ఈసారి కూడా లేటు. మీ ఇంటికి వెళ్ళొచ్చాను, మీ అమ్మ బాగుంది, బోరులో మళ్ళీ నీళ్ళు పడ్డాయి. మన సారు కనబడి నిన్ను అడిగాడు. అంతే.

సీనా, నేను గుండు చేయించుకున్నాను.

తిరుపతోడు గుండు చేయించుకోవడం కూడా ఒక వార్తేనా అంటావేమో. నాకు వార్తేరా. ఇంటర్ పాసైన ఏడాది మనిద్దరం అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కిపోయి ఇచ్చాం కదా, దసరాకల్లా జుట్టొచ్చి మన పచ్చ దువ్వెన మళ్ళీ పనిలో పడింది. మన ఊళ్ళో గుండంటే మూడు నెలల ముచ్చట. ఎవరికైనా తిరిగొస్తుంది. నాకు తిరిగి రాదని తెలుసు. అందుకే ఎనిమిదేళ్ళుగా కొండకు వెళ్ళినా కల్యాణకట్ట వైపు తల తిప్పకుండా దర్శనం చేసుకుని దిగేవాణ్ణి. ఉన్న కాస్తా తీసేస్తే, మళ్ళీ మొలిచేటప్పుడు చెవుల చుట్టూ నల్లగా, నడినెత్తిన నున్నగా, గీత గీసినట్టు బయటపడుతుంది. ఆ గీతంటే భయం నాకు.

ఈ ఎనిమిదేళ్ళూ నేనెట్లా గడిపానో నీకు కూడా సగమే తెలుసు. బోర్డు మీద లెక్క చేసేటప్పుడు పిల్లలకు వీపు చూపించకుండా పక్కకు తిరిగి రాసేవాణ్ణి, సుడి కనపడుతుందని. స్టాఫ్ రూమ్‌లో ట్యూబ్‌లైట్ కింద కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోను. నెత్తిన చల్లుకునే నల్లపొడి ఒకటి ఉంటుంది, సన్నటి నూగులా వెంట్రుకలకు అతుక్కుంటుంది. పోయిన మే నెలలో రేణిగుంట బస్సులో చెమటకు అది కరిగి చెంప మీదుగా కాలర్‌లోకి కారింది. పక్కన కూర్చున్న పెద్దావిడ ఏమీ అనకుండా కొంగుతో తుడవబోయింది. ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చాను. ఇది నీకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

మందుల సంగతి వివరంగా రాస్తున్నా, నీకోసం. తలగడ మీద వెంట్రుకలు కనపడుతున్నాయని నువ్వు మూడో మెసేజీలో చెప్పావు కదా. రోజుకు యాభై నుంచి వంద దాకా రాలడం అందరికీ ఉండేదే, వాటిని లెక్కపెట్టుకోకు. అక్కడి నీళ్ళ వల్లే అనుకోకు. నీళ్ళకు వెంట్రుక గరుకెక్కుతుంది, విరుగుతుంది. నుదురు రెండు పక్కలా లోపలికి జరగడం, సుడి దగ్గర పలచబడడం నీళ్ళ పని కాదు. మన ఒంట్లోనే టెస్టోస్టెరాన్ నుంచి డీహెచ్‌టీ అని ఇంకో హార్మోను తయారవుతుంది, దానికి లొంగే కుదుళ్ళు ఏటికేడు చిన్నవైపోతాయి. అమ్మ గుంటగలగరాకు నూనె కాచింది, మందారాకు రుద్దింది, ఉల్లిపాయ రసం పట్టించింది. ఆ చేతులంటే నాకు ప్రాణం. కానీ ఒక్క వెంట్రుక కూడా తిరిగి రాలేదు.

స్కిన్ డాక్టరమ్మ బట్టతల ఏడు దశల బొమ్మ చూపించి నాది అయిదు అంది. తలకు రాసే మందు మినాక్సిడిల్ 5 శాతం, పూటకు ఒక మిల్లీలీటరు, రోజుకు రెండు పూటలు. మొదటి నెలన్నర ఉన్నవీ రాలాయి! ఆమె ముందే చెప్పింది, పాతవి రాలి కొత్తవి వస్తాయి, నాలుగు నుంచి ఆరు నెలలు ఓపిక పట్టమని. పట్టాను. సుడి దగ్గర కొంచెం నలుపు తేలింది, ముందు వైపు ఏమీ లేదు. ఏడాదిన్నర వాడి ఆపేశాను, వచ్చిందీ పోయింది. వాడినన్నాళ్ళే అది. ఆ డీహెచ్‌టీని తగ్గించే ఫినాస్టెరైడ్ ఒక మిల్లీగ్రాము బిళ్ళ నాలుగు నెలలు వేసుకున్నా. కొంతమందికి కోరిక తగ్గుతుందని చదివి, నాకేమీ కాకముందే భయపడి మానేశాను. దాని గురించి ఇంకొకటుంది, కిందకొస్తుంది.

తర్వాత జుట్టు నాటే ఒక క్లినిక్‌వాళ్ళు నా నెత్తి మీద స్కెచ్ పెన్‌తో గీతలు గీసి, మూడువేల గ్రాఫ్టులు, ఇవాళే అడ్వాన్సు కడితే తగ్గింపు అన్నారు. లోను ఫారం కూడా నింపాను రా. సంతకం దగ్గర ఆగి, మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమె కాగితం మీద బొమ్మ వేసి చెప్పింది: వెనక నుంచి తీసి నాటిన వెంట్రుకకు వెనకటి గుణమే ఉంటుంది, అది నిలుస్తుంది. కానీ చుట్టూ ఉన్నవి రాలడం ఆగదు, మందు వాడకపోతే పదేళ్ళకు నాటిన చోటు చెరువు మధ్య దిబ్బలా మిగులుతుంది. చేయించుకోవద్దని ఆమె అనలేదు. తొందరపడొద్దంది. నువ్వూ ఎవరైనా "ఇవాళే" అంటే లేచి వచ్చేయ్.

సరే, అసలు సంగతి.

మూడు వారాల కింద అక్క కొడుక్కి పుట్టెంట్రుకలు. మేనమామను కాబట్టి వాణ్ణి నేనే ఒళ్ళో కూర్చోబెట్టుకున్నా. వాడు కల్యాణకట్ట ఎగిరిపోయేట్టు ఏడుస్తున్నాడు. మా పక్కన ఒక పెద్దాయన వచ్చి కూర్చున్నాడు, అరవై ఉంటాయి. నెత్తిన ఏమీ లేదు, చెవుల మీద నాలుగు తెల్ల పోగులు. ఈయన ఏమిస్తాడు అనుకున్నాను. ఆయన తల తడుపుకుని, చేతులు జోడించి, కళ్ళు మూసుకుని "గోవిందా" అని తల వంచాడు. ఆ నాలుగు పోగులూ ఇచ్చేశాడు. లేచేటప్పుడు ఆయన ముఖం చూశాను సీనా. మొత్తం ఇచ్చినవాడి ముఖం అది. నేనేమో ఉన్న కాస్తా ఎనిమిదేళ్ళుగా పట్టుకుని...

పిల్లాణ్ణి అక్క చేతికిచ్చి టోకెన్ తెచ్చుకున్నాను.

గంధం పూసుకుని బయటికొచ్చాక గాలి తగిలింది. నెత్తికి గాలి తగలడమంటే ఏమిటో మరిచిపోయాను నేను. చుట్టూ వందల గుండ్లు. నన్నెవరూ చూడలేదు. ఆ రాత్రి ఎనిమిదేళ్ళ తర్వాత తలగడ దులపకుండా పడుకున్నా.

ఇక్కడ నుంచి అసలు కథ. పోయిన ఆదివారం చిత్తూరులో పెళ్ళిచూపులు. కట్టమంచి. ముందే కుదిరిన తేదీ. బస్సెక్కే ముందు అమ్మ, "మొక్కు అని చెప్పు నాయనా. అబద్ధమేం కాదు గదా, కొండమీదే గదా ఇచ్చింది. తక్కినవి పెళ్ళయినాక చూసుకుందాం" అంది. మన ఊళ్ళో గుండుకు ఇంతకన్నా మంచి ముసుగు లేదు, ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరు. నేను అవుననలేదు, కాదనలేదు.

బజ్జీలు పెట్టారు. ఆ అమ్మాయి మామ నా తల చూసి, "మొక్కు తీర్చుకున్నావా నాయనా, మంచిది" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే అమ్మ, "అవునన్నా, మనవడిదీ వీడిదీ ఒకేసారి" అనేసింది. అందరూ నవ్వారు. బజ్జీ గొంతు దిగలేదు.

కాసేపు మాట్లాడుకోండని మిద్దె మీదికి పంపారు. ఒక పక్క మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. ఆ అమ్మాయి బీఫార్మసీ, ఒక ఆస్పత్రి మందుల షాపులో చేస్తుంది. నేను కూర్చోకుండానే చెప్పేశాను. "ఇది మొక్కు గుండు కాదండీ. ఇచ్చింది కొండమీదే. కానీ మూడు నెలల్లో తిరిగొచ్చేది కాదు. పైన ఇక రాదు. నేను ఎప్పుడూ ఇట్లాగే ఉంటాను."

అందరూ నా నెత్తిని చూసీ చూడనట్టు చూస్తారు కదా, ఆమె అట్లా కాదు, తిన్నగా చూసింది. "మినాక్సిడిల్ వాడారా?" అంది. వాడానన్నా. "గుండె దడగానీ, కళ్ళు తిరగడంగానీ వచ్చిందా?" లేదన్నా. ఎందుకు అడుగుతున్నారంటే, అది మొదట బీపీ బిళ్ళ అట రా! వేసుకున్నవాళ్ళకు ఒంటి మీద వెంట్రుకలు మొలవడం చూసి తర్వాత తలకు రాసే మందు చేశారట, అమెరికాలో 1988లో అనుమతి వచ్చిందట. "మా షాపులో అబ్బాయిలు ఆ పేరు గొణుగుతారు. నేనుంటే అన్నను పిలవమంటారు. జ్వరం బిళ్ళకు లేని సిగ్గు దీనికెందుకో నాకర్థం కాదు" అంది.

ఫినాస్టెరైడ్ సంగతి ఆమె అడగలేదు, నేనే చెప్పాను, దాచింది చాలనిపించి. ఎందుకు మానేశానో కూడా. ముఖం తిప్పుకోలేదు. "డాక్టరుకు చెప్పి మానేశారా?" అంది. లేదన్నాను. "చెప్పాలి కదా! ఇబ్బంది వచ్చేది తక్కువమందికే, కానీ వస్తే చెప్పడానికే కదా డాక్టరు ఉండేది" అని గట్టిగానే అంది. ఆ కోపం నాకు ఎంత హాయిగా ఉందో ఎట్లా రాయాలి? నా తల గురించి కొందరు జాలిపడ్డారు, కొందరు నవ్వారు. కోప్పడింది ఈమె ఒక్కతే.

కిందికి దిగి ఆ మామ ముందు నిలబడి, "ఇందాక అమ్మ చెప్పింది సగమే మామా" అని తక్కినదీ చెప్పేశాను. ఇంట్లో చప్పుడు లేదు. అమ్మ ముఖం మాత్రం చూడలేకపోయాను.

బస్సులో అమ్మ కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. చంద్రగిరి దాటాక నా చెయ్యి పట్టుకుని నీలాదేవి కథ మొదలుపెట్టింది. సామి తలకు దెబ్బ తగిలి ఒకచోట వెంట్రుకలు లేకుండా పోతే, ఆ గంధర్వకన్య తన జుట్టు కోసి అక్కడ అతికిందని, తలనీలాలన్నీ ఆమెకే చేరతాయని. చిన్నప్పటి నుంచి వందసార్లు విన్న కథే. జుట్టు పోయిన మగవాడి కథగా మాత్రం ఆ బస్సులోనే మొదటిసారి విన్నాను. "సామికే తప్పలేదు నాయనా" అని కళ్ళు తుడుచుకుంది. అబద్ధం చెప్పినందుకో, నిజం చెప్పినందుకో, నేను అడగలేదు.

వాళ్ళ నుంచి జవాబు రాలేదు ఇంకా. వారమైంది. కానీ నిన్న సాయంత్రం కొత్త నంబరు నుంచి మెసేజి వచ్చింది. అక్కను అడిగి నంబరు తీసుకుందట. ఒకటే వాక్యం: "ఆ రోజు నెత్తిమీద తోలు ఊడుతోంది, సన్‌స్క్రీన్ రాస్తున్నారా?" రాయడం లేదురా! నాకు తట్టనే లేదు. జుట్టు లేని తలకు ఈ ఎండ ఎట్లా తగులుతుందో. వెంటనే వెళ్ళి ఎస్‌పీఎఫ్ 30ది కొన్నాను, బయటుంటే రెండు గంటలకొకసారి రాయాలట. అది రాసుకుని ఫొటో... పంపాలా వద్దా? రాత్రంతా ఆలోచించాను. నువ్వే చెప్పు.

పచ్చ దువ్వెన మీద ఒట్టు, నేను బాగున్నాను రా. ఇంతకుముందు బాగుండాలని చూసేవాణ్ణి, ఇప్పుడు నిజంగా బాగున్నాను. మూడు రోజులకొకసారి ట్రిమ్మర్ జీరోలో పెట్టి చుట్టూ తీసేస్తున్నా, ఆ గీత కనపడదు. గడ్డం పొట్టిగా ఉంచాను, ముఖానికి అంచు వచ్చింది. సోమవారం బోర్డు వైపు పూర్తిగా తిరిగి ఇంటిగ్రేషన్ లెక్క రాశాను, మొదటి గీత నుంచి చివరి గీత దాకా. వెనక బెంచీలో ఒకడు "సార్, సూపర్" అన్నాడు. లెక్కకో తలకో తెలియదు, రెండింటికీ అనే తీసుకున్నా. ఇంకోటి చెప్పాలి, ఆ మిద్దె మీద ఆమె దిగేటప్పుడు వెనక్కి తిరిగి

హారన్ కొడుతున్నాడు, అన్న ముందే వచ్చేశాడు. అది ఫోన్‌లో చెబుతా. ఊరగాయ సీసా నిలువుగానే పెట్టు. నువ్వు మాత్రం ఈ నెలలోనే అక్కడ స్కిన్ డాక్టరును చూడు, నీది ఇంకా రెండో దశే అయ్యుంటుంది, మందు పనిచేసేది ఇప్పుడే. నీ నెత్తి ఫొటో పంపు. ఎదురుగా కాదు, పైనుంచి, పగటి వెలుతురులో, తల తడపకుండా