భోగ్యం ఇంటికి నోటరీ కాగితం చాలదు

సంపాదకుల వారికి,

తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా 'ఇల్లు భోగ్యానికి ఇవ్వబడును' అనే బోర్డులు తరచూ కనిపిస్తాయి. భోగ్యానికి దిగేవాళ్లు కూతురి పెళ్లికని దాచిన లక్షలు ఓనరు చేతిలో పోసి, అద్దె లేకుండా రెండు మూడేళ్లు ఉండి, ఖాళీ చేసేటప్పుడు ఆ డబ్బు తిరిగి తీసుకోవాలి. వాళ్ల బీరువాలో ఉండేది ఒక స్టాంపు పేపరు, దానిమీద నోటరీ ముద్ర. అంతే!

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం లెక్కలో భోగ్యం అంటే స్వాధీన తనఖా. ఓనరు మన బాకీ తీర్చేదాకా ఇల్లు మన స్వాధీనంలో ఉంచుకోవచ్చు. ఎంత పెద్ద రక్షణ ఇది! కానీ తనఖా సొమ్ము 100 రూపాయలున్నా చాలు, పత్రం రిజిస్టర్ కావాలి, ఓనరు సంతకానికి కనీసం ఇద్దరు సాక్షులుండాలి. ఇది 59వ సెక్షన్. ఖర్చుకు జంకి జనం నోటరీతోనే ఆగిపోతున్నారు. రిజిస్టరైతే ఈసీలో (ఆస్తిమీద రిజిస్టరైన లావాదేవీలు, తనఖాలు చూపే ధ్రువపత్రం) కనిపిస్తుంది, తర్వాత కొన్నవాళ్లు 'మాకు తెలీదు' అనలేరు.

డబ్బు కట్టేముందే ఈసీ తీయించండి, ఒరిజినల్ దస్తావేజులు చూపమనండి. అవి బ్యాంకులో ఉంటే ముందు హక్కు బ్యాంకుదే.

సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుల్లో భోగ్యం పత్రం నమూనా, ఫీజుల వివరాలు తెలుగులో గోడకు అంటించాలని రిజిస్ట్రేషన్ శాఖను కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి