చరిత్ర చిత్రాల పరిచయంలో చరిత్ర ఎక్కడ?

దక్షిణ కొరియా ఎన్నికల రాజకీయాలపై వచ్చిన 'కింగ్‌మేకర్' (2022) వంటి చారిత్రక చిత్రాలను మన పత్రికలు పరిచయం చేసేటప్పుడు వాటి వెనుకనున్న అసలు సంఘటనలను ప్రస్తావించకపోవడం పాఠకులకు తీరని లోటు. పాత్రల పేర్లు మార్చినా, అందులోని ప్రతిపక్ష నాయకుడికి ఆధారం కిమ్ డే-జంగ్ అనీ, వ్యూహకర్తకు ఆధారం ఆయన వెంట పనిచేసిన ఒమ్ చాంగ్-రోక్ అనీ తెలియకుండా చూస్తే, వ్యూహకర్త మనుషులు అధికారపక్షం మనుషులమని నమ్మించి ఇంటింటికీ వెళ్లి, ఆ పక్షం ఓటర్లకు అంతకుముందు పంచిన రబ్బరు చెప్పులూ చొక్కాలూ వెనక్కి లాక్కునే ఘట్టం కేవలం తెలివైన ఎత్తుగానే కనిపిస్తుంది. మన పల్లెల్లో ఓటుకు చీర, నోటు పంచడం కళ్లారా చూసిన నాకు మాత్రం అది ఓటరుకు జరిగిన అవమానంగానే తోచింది. 1971 ఏప్రిల్‌లో జరిగిన అధ్యక్ష ఎన్నికల్లో అప్పటి అధ్యక్షుడు పార్క్ చుంగ్-హీ చేతిలో కిమ్ సుమారు 9.5 లక్షల ఓట్ల తేడాతో ఓడిపోవడం, ఆ ఎన్నికల్లో పార్క్ సొంత ప్రాంతమైన గ్యోంగ్‌సాంగ్, కిమ్ సొంత ప్రాంతమైన జొల్లాల మధ్య రగిలిన ప్రాంతీయ విద్వేషం దశాబ్దాలపాటు చల్లారకపోవడం, మరుసటి ఏడాదే పార్క్ తెచ్చిన యూషిన్ అనే నియంతృత్వ పాలన పేరిట అధ్యక్షుణ్ణి నేరుగా ఎన్నుకునే హక్కును ప్రజలు కోల్పోయి 1987లో గానీ తిరిగి పొందలేకపోవడం తెలిస్తేనే ఆ కథ బరువు అర్థమవుతుంది. కనుక ఇటువంటి చిత్రాల సమీక్ష పక్కన ఏది జరిగిందో, ఏది కల్పనో తెలిపే చిన్న పెట్టెను చరిత్ర అధ్యాపకులచేత రాయించి తప్పక ప్రచురించాలని కోరుతున్నాను.