ఉదయసముద్రం కథను కట్ట మీదనే చెప్పాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

మొన్న ఆదివారం పొద్దున ఉదయసముద్రం అనే మన పానగల్లు చెరువు కట్ట మీద నడుస్తుండగా, ఏడెనిమిదేండ్ల పిల్లవాడు "నాయినా, గీ చెరువు ఎవరు కట్టిండ్రు?" అని అడగడం, తండ్రి కాసేపు ఆలోచించి "సర్కారు కట్టిన రిజర్వాయరు బిడ్డా" అని జవాబు చెప్పడం నా చెవిన పడ్డాయి. తప్పు ఆ తండ్రిది కాదు. ఆయనకు కూడా ఎవరూ చెప్పి ఉండరు.

పానగల్లు కందూరు చోడ రాజులకు రాజధానిగా ఉన్న కాలంలో, ఉదయ చోడుని పేరు మీద వెలసిన చెరువు ఇది. ఇప్పుడు పానగల్లును మనం నల్లగొండలో ఒక మూలగా లెక్కగడుతున్నాం గాని, నిజానికి ముందున్నది పానగల్లే. చెరువుకు దగ్గరలోనే పొలాల నడుమ ఛాయా సోమేశ్వరాలయం ఉంది. మూడు గర్భగుళ్ల ఆ ఆలయంలో ఒకదాని లోపల, లింగం వెనుక గోడ మీద, పొద్దు ఎటు తిరిగినా కదలని నీడ నిలిచి ఉంటుంది. అది ఏ ఒక్క స్తంభానిదీ కాదని, మండపంలోని స్తంభాల మీదుగా వచ్చే వెలుతురు అమరిక వల్ల ఏర్పడినదని తెలిసినవారు వివరిస్తారు. పచ్చల సోమేశ్వరాలయం గోడల మీద రామాయణ, భారత కథల శిల్పాలున్నాయి, పక్కనే మ్యూజియం కూడా ఉంది. ఇవన్నీ చూసినవారిలో ఎందరు చెరువు కట్ట దాకా నడిచారో చెప్పలేను.

నాకు ఈ చెరువు మీద ఇంత మమకారం ఎందుకంటే, మా ఇంట్లో దాని విలువ తెలిసిన మనిషి మా అమ్మ. మా వాకిట్లోని బోరింగు నీళ్లకు రంగు లేదు, వాసన లేదు, తాగితే తియ్యగానే ఉండేవి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఫ్లోరైడు హాని చేస్తుందని, మన నేల కింది రాళ్లలోంచి అది నీటిలో కరుగుతుందని మాకు తెలిసేసరికి అమ్మ మోకాళ్లు బిగుసుకుపోయి, కింద కూర్చుంటే చేతులు పట్టుకుని లేపవలసిన స్థితి వచ్చింది. ఆ తరువాత నాగార్జునసాగర్ జలాశయం నుంచి ఎత్తిపోసిన కృష్ణా నీళ్లు అక్కంపల్లి రిజర్వాయరు మీదుగా కాలువ వెంట ఈ చెరువులోకి రావడం మొదలైంది. మొదటిసారి నల్లాలో ఆ నీళ్లు వచ్చిన నాడు అమ్మ బిందెను ముట్టుకుని దండం పెట్టింది.

ఎన్నడో సేద్యానికి కట్టిన కట్టే నేడు వచ్చిన నీళ్లను నిలిపి అవసరం మేరకు వదిలే బ్యాలెన్సింగ్ రిజర్వాయరుగా తాగునీటినీ నిలుపుతున్నది; బ్రాహ్మణవెల్లెంల ఎత్తిపోతల పథకానికి నీళ్లు తీసుకునేదీ ఇక్కడి నుంచే. దాదాపు 900 ఏండ్ల నాటి పనితనం ఇంకా ఊరికి కూడు పెడుతుంటే, దాన్ని సాయంకాలపు షికారుకు పనికివచ్చే చోటుగా మాత్రమే చూడడం నాకు బాధగా ఉంది. దీపాలు, బెంచీలు ఉండాలి, కాదనను. కాని కట్ట బలం, తూముల మరమ్మతు, శిఖం భూమి (చెరువు నీళ్లు నిలిచే నేల) హద్దులు వాటికన్నా ముందు రావాలి. పట్టణం పానగల్లు వైపు పెరుగుతున్నకొద్దీ ప్లాట్ల ధరలు పెరుగుతాయి, శిఖం మీద కన్ను పడడానికి అంతకన్నా పెద్ద కారణం అక్కరలేదు.

కాబట్టి సంబంధిత అధికారులకు మీ పత్రిక ద్వారా మనవి చేస్తున్నాను. కట్ట మొదట్లో ఈ చెరువు పేరు, కట్టినవారి కాలం, నీళ్లు ఎక్కడి నుంచి వచ్చి ఎక్కడికి పోతున్నాయో తెలిపే పటం, బడిపిల్లలు చదవగలిగే తెలుగులో పెద్ద రాతిపలక మీద చెక్కించాలి. రెండు ఆలయాలనూ మ్యూజియాన్నీ కట్టతో కలిపే కాలిబాట వేయాలి. అన్నిటికన్నా ముందు, వచ్చే వానాకాలం లోపల శిఖం చుట్టూ హద్దురాళ్లు పాతించి, ఆ నక్షాను అందరికీ కనబడేలా మున్సిపల్ ఆఫీసులో అతికించాలి.

ఇట్లు,
మీ పాఠకుడు,
నల్లగొండ