‘అర్థమైందా?’ అని అడిగితే తెలియదు, పలక ఎత్తిస్తే తెలుస్తుంది

సంపాదకులకు నమస్కారం.

పిల్లల చదువుల మీద చర్చ ప్రతి సర్వే తర్వాతా నాలుగు రోజులు నడిచి ఆగిపోతోంది. పిల్లల చదవడాన్ని, లెక్కలను ఇంటింటికీ వెళ్లి పరీక్షించే అసర్ సర్వే 2024 నివేదిక ప్రకారం దేశంలోని గ్రామీణ ప్రాంతాల్లో మూడో తరగతి పిల్లల్లో కనీసం తీసివేత చేయగలిగినవాళ్లు 33.7 శాతం. టీచర్ల ఖాళీలు, బోధనేతర పనులు, ఫోన్‌లో యాప్‌లు ఇందుకు కారణాలని అందరూ రాస్తున్నారు. కాదనను. కానీ ఖాళీలు లేని బడిలో, రోజూ పాఠం జరిగే తరగతిలో కూడా పిల్లలు వెనకబడుతున్నారు కదా. అక్కడి కారణం ఒకటే: చెప్పింది ఎవరికి ఎక్కిందో, ఎవరికి ఎక్కలేదో బెల్లు కొట్టేలోపు టీచరుకు తెలియడం లేదు.

‘అర్థమైందా?’ అంటే ‘అర్థమైంది సార్’ అని తరగతంతా ఒక్క గొంతుతో అంటుంది. అందులో నిజంగా అర్థమైన గొంతులు ముందు బెంచీలో ఐదారు. మిగతావాళ్లు శ్రుతి కలుపుతారు. ఒకరిని బోర్డు దగ్గరికి పిలిచినా అంతే. రోజూ చెయ్యెత్తే పిల్లే వచ్చి గబగబా చేసేసి వెళ్తుంది, కూర్చున్న ముప్పై తొమ్మిది మంది సంగతి తేలదు.

దీనికి పైసా ఖర్చు లేని విరుగుడు పలక. పది పన్నెండు నిమిషాలు చెప్పాక ఒకే ఒక్క లెక్క ఇవ్వాలి. ఒక నిమిషం గడువు. రాసినవాళ్లు పలకను బోర్లా పెట్టాలి. ‘ఎత్తండి’ అన్నాకే అందరూ ఒకేసారి చూపించాలి. ఈ నియమం సడలితే పని పాడవుతుంది, ఎందుకంటే మొదట ఎత్తిన వాడి జవాబు చూసి పక్కవాళ్లు తమది చెరిపేసుకుంటారు. పెద్ద తరగతుల్లో పలక నామోషీ అనుకుంటే రఫ్ నోట్‌బుక్ చివరి పేజీలో పెద్ద అక్షరాలతో రాయించవచ్చు. నలభై పలకలు చూడటానికి అర నిమిషం చాలు. పదిమందిలో ఎనిమిది మందికి వస్తే ముందుకు వెళ్లి, రానివాళ్లను చివరి పది నిమిషాలు దగ్గర కూర్చోబెట్టుకోవాలి. ఆ సమయంలో మిగతావాళ్లు బోర్డు మీది లెక్కలు చేసుకుంటారు. సగానికి పైగా తప్పు రాస్తే పాఠం మళ్లీ చెప్పాల్సిందే, అయితే ఇందాకటి మాటలనే ఇంకాస్త గట్టిగా చెప్పడం కాదు, ఇంకో దారిలో చెప్పాలి.

అసలు మెలకువంతా లెక్క ఎంచుకోవడంలో ఉంది. తీసివేతకు 58 – 23 ఇస్తే ఏమీ తెలియని పిల్లవాడికీ సరైన జవాబే వస్తుంది. 302 – 147 ఇచ్చి చూడండి. సరైన జవాబు 155. కొందరు 245 రాస్తారు. వాళ్లు ఏ స్థానంలోనైనా పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తున్నారు. 2లోంచి 7 పోదు కాబట్టి 7లోంచి 2 తీసి 5 వేశారు, సున్న ఉన్నచోట 4 వేశారు. ఇంకొందరు 65 రాస్తారు. వీళ్లకు అప్పు తెచ్చుకోవాలని తెలుసు. కానీ పక్కన సున్న ఉండేసరికి దాన్ని దాటి నేరుగా వందల నుంచి ఒకట్లకు తెచ్చుకున్నారు, తర్వాత పదులకు మళ్లీ వందల దగ్గరికే వెళ్లారు. దాంతో వందల స్థానంలో ఏమీ మిగల్లేదు. ఇద్దరికీ ఎర్ర సిరాతో ఒకే ఇంటూ పెట్టి ‘ప్రాక్టీస్ చెయ్’ అంటే ఇద్దరూ తమ తమ తప్పునే ప్రాక్టీస్ చేస్తారు.

245 రాసిన పిల్లలకు రెండంకెల లెక్కతో, పుల్లలతో మొదలుపెట్టాలి. పదేసి పుల్లల కట్టలు తొమ్మిది, విడి పుల్లలు తొమ్మిది జంటకు ఇస్తే 99 లోపు సంఖ్యలన్నీ పేర్చవచ్చు. కొబ్బరి చీపురు పుల్లలు విరిచి, రబ్బరు బ్యాండ్లు వేస్తే సరి. 52లోంచి 27 తీయాలంటే ఐదు కట్టలు, రెండు పుల్లలు ముందు పెట్టుకోవాలి. ఏడు తీయడానికి ఆ రెండు పుల్లలు చాలవు కాబట్టి ఒక కట్ట విప్పితే నాలుగు కట్టలు, పన్నెండు పుల్లలు. కట్ట విప్పిన మరుక్షణమే పలక మీద 5 కొట్టేసి 4, 2 పైన 12 రాయించాలి. చాలాచోట్ల ఇక్కడే తప్పుతోంది. పుల్లలతో ఆట ఒకరోజు, పలక మీద లెక్క మరోరోజు జరిగితే పిల్లల మనసులో ఆ రెండూ ఎప్పటికీ కలవవు. 65 రాసినవాళ్లకు ఈ మెట్టు అక్కర్లేదు. పది కట్టలను కలిపి కట్టిన వంద కట్టను విప్పించి, అందులోంచి ఒక పదిని మళ్లీ విప్పించి, 302 అంటే రెండు వందలు, తొమ్మిది పదులు, పన్నెండు ఒకట్లు కూడా అని వాళ్ల చేతే చెప్పిస్తే సరిపోతుంది.

నోటితో అడిగే ప్రశ్నలకూ ఒక పద్ధతి ఉంది. పేరు పిలిచి ప్రశ్న అడిగితే మిగతా తరగతి ఆ క్షణమే విశ్రాంతిలోకి వెళ్తుంది. ముందు ప్రశ్న వేసి, ఆగి, ఆ తర్వాత పేరు చెప్పాలి. పేర్ల చీటీలు డబ్బాలో వేసి తీస్తే ఇంకా మంచిది. ఎంతసేపు ఆగాలంటే కనీసం మూడు సెకన్లు. టీచర్లు సగటున ఒక్క సెకను కూడా ఆగడం లేదని, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెద్దవవుతాయని, ఎక్కువమంది మాట్లాడతారని అమెరికాలో విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రోవ్ 1970లలోనే చూపించారు. మూడు సెకన్లంటే వినడానికి తక్కువే, బోర్డు ముందు మౌనంగా నిలబడితే మాత్రం చాలా పొడుగ్గా అనిపిస్తుంది.

ఒకే టీచరు రెండు మూడు తరగతులు చూసే బడిలో ఇదంతా ఎలా కుదురుతుందని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. విద్యా హక్కు చట్టం షెడ్యూలు ప్రకారమే 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు, తరగతులేమో ఐదు. మూడో తరగతికి పదిహేను నిమిషాలు చెబుతున్నంతసేపూ నాలుగు, ఐదు తరగతులకు సొంతంగా చేసుకునే పని ఉండాలి. అది నిన్నో మొన్నో నేర్చుకున్నదై ఉండాలి, కొత్తది కాకూడదు. వెనకవైపు జవాబు రాసిన కార్డులైతే పిల్లలే సరిచూసుకుంటారు. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం ఇలాంటి బడుల కోసమే కార్డులు, ఏది తర్వాత ఏది నేర్చుకోవాలో మెట్లుమెట్లుగా చూపే ‘అభ్యసన నిచ్చెన’ రూపొందించింది. మన రాష్ట్రంలో పుట్టిన పద్ధతి మన బడుల్లోనే అరుదుగా కనిపిస్తుంది. దాని బదులు ‘పాఠం చూసి రాయండి’ అంటున్నాం. గది నిశ్శబ్దంగా ఉంటుంది, అంతకుమించి ఏమీ జరగదు.

అధికారులకు ఒక విన్నపం. తనిఖీకి వచ్చినప్పుడు పాఠ్య ప్రణాళిక రిజిస్టరు, నోట్‌బుక్‌ల మీద ఎర్ర సంతకాలు చూస్తున్నారు. నలభై పుస్తకాలు ఒక్కోటి మూడు నిమిషాల చొప్పున దిద్దితే రెండు గంటలు పడుతుంది. ఆ టైము దొరకదు కాబట్టే చదవకుండా టిక్కులు పడుతున్నాయి. రోజుకు ఎనిమిది పుస్తకాలు శ్రద్ధగా దిద్దితే ఐదు రోజుల్లో అందరివీ పూర్తవుతాయి. ఆ వెసులుబాటు ఇవ్వండి. ఎఫ్‌ఏ (ఏడాది మధ్యలో పెట్టే ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్ష మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించడంతో పని అయిపోయిందనుకోకుండా, చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే తర్వాతి స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఒక గంట పిల్లల తప్పు జవాబుల మీదే మాట్లాడుకునేలా అజెండాలో చేర్చండి. ఎంఈవోలు (మండల విద్యాధికారులు) తరగతికి వెళ్లినప్పుడు రిజిస్టరు అడగకముందు ఒక లెక్క ఇచ్చి పలకలు ఎత్తించమనండి.

ఇట్లు,
ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు,
విజయనగరం జిల్లా