41 నుంచి 67 వరకు సంఖ్యలున్న బెండు పైపుల గురించి

మా ఇంటి వెనుక రేకుల షెడ్డులో తయారైన స్టీలు బెండు పైపును, అంటే ఇంజను నుంచి పొగను సైలెన్సరుకు చేర్చే వంపు గొట్టాన్ని, తమ పాత బుల్లెట్‌కో, యెజ్డీకో బిగించుకున్న వారందరికీ ఒక విషయం చెప్పవలసి ఉంది. ఇంజను వైపు అంచున చెక్కిన సంఖ్య 41 నుంచి 67 లోపల ఉంటే, ఆ పైపు నేను మీకు చెప్పిన సరుకు కాదు. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు అని చెప్పి, దాని ధరే తీసుకుని, తక్కువ రకం పైపుతో చేసి ఇచ్చాను. తెలిసి చేసిన పని కాదు. అయినా డబ్బు తీసుకున్నది నేను కాబట్టి ఆ 27 పైపులనూ నా ఖర్చుతో మార్చి ఇస్తాను.

మచిలీపట్నం నుంచి వచ్చిన ఒక ఫొటోతో ఇది బయటపడింది. వెల్డింగు గీతకు రెండు పక్కలా గోధుమ రంగు మచ్చలు కనిపిస్తున్నాయి. అది 52వ సంఖ్య పైపు, బిగించి నాలుగు నెలలు కూడా కాలేదు. ఫొటో కింద ఆ బండి యజమాని ఒక్క వాక్యమే రాశారు: "ఇళ్లలో చేసే వెల్డింగు ఇంతే." తుప్పు కంటే ఆ వాక్యమే నన్ను ఎక్కువ బాధించిందని దాచకుండా చెబుతున్నాను.

ఆ పైపును తెప్పించి నిలువునా కోశాను. స్టెయిన్‌లెస్ పైపును టిగ్ వెల్డింగు (టంగ్‌స్టన్ కొసతో, వాయువు రక్షణలో చేసే వెల్డింగు) చేసేటప్పుడు బయటి వైపు టార్చి నుంచి వచ్చే ఆర్గాన్ వాయువు గాలి తగలకుండా కాపాడుతుంది గాని, లోపలి వైపు కాపాడేది ఏదీ ఉండదు. కరిగిన లోహానికి లోపల గాలి తగిలితే క్రోమియం మాడిపోయి, అతుకు వెనుక భాగం మాడిన చక్కెరలా నల్లగా, గరుకుగా పొంగుతుంది. అందుకే పైపు రెండు కొసలూ మూసి, లోపలికి కూడా ఆర్గాన్ పంపి, గాలి బయటికి పోయేదాకా ఆగి, ఆ తరువాతే ఆర్క్ వెలిగిస్తాను. 1.2 మిల్లీమీటర్ల గోడకు 45 ఆంపియర్లు దాటనివ్వను. ఫ్యాను గాలికి ఆర్గాన్ చెదిరిపోతుంది కనుక మే నెలలో సైతం షెడ్డులో ఫ్యాను ఆపేసి పని చేస్తాను. కోసి చూస్తే 52వ పైపు లోపలి అతుకు లేత బంగారు రంగులో, ఎలా ఉండాలో అలాగే ఉంది. తుప్పు పట్టింది అతుకు కాదు, దాని పక్కనున్న పైపు లోహం.

అప్పుడు ఒక ముక్కను ల్యాబుకు పంపాను. 304 రకంలో క్రోమియం దాదాపు 18 శాతం, నికెల్ 8 శాతం ఉండాలి. వచ్చిన కాగితంలో క్రోమియం 15కు లోపల, నికెల్ ఒక శాతానికి కాస్త పైన, మాంగనీసు పదికి దగ్గరగా ఉన్నాయి. ఖరీదైన నికెల్‌ను తగ్గించి, చవకైన మాంగనీసుతో ఆ లోటు పూడ్చిన 200 వరుస స్టీలు అది. ఇంట్లో మెట్ల కటకటాలకు అది చాలు. బండి పైపు సంగతి వేరు. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది. కూరగాయల సంతకు వెళ్లి వచ్చేంత దూరమే తిరిగే బండిలో పైపు పూర్తిగా వేడెక్కదు, ఆ నీరంతా ఆవిరై పోదు, లోపలే మిగిలిపోతుంది. దానికి బయటి నుంచి సముద్రపు గాలి తోడైతే ఇక చెప్పనక్కరలేదు.

సరుకు ఇచ్చిన వ్యాపారితో నాకు ఎనిమిదేళ్ల పరిచయం. ఆయన పేరు ఇక్కడ రాయను. ఆ లోడుతో మిల్లు సర్టిఫికెట్ (స్టీలు ఏ రకమో తెలిపే తయారీదారు పత్రం) జిరాక్సు కాపీ వచ్చింది. దాని మీద హీట్ నంబరు, అంటే ఆ స్టీలును కరిగించిన విడత సంఖ్య, ఉంది గాని, పైపు మీద అదే నంబరుతో ఉండవలసిన సిరా ముద్ర లేదు. అడిగితే, లారీలో రాసుకుని చెరిగిపోయి ఉంటుందన్నారు. ఇరవై అడుగుల పైపులన్నింటి మీదా ఒకే విధంగా, కొస నుంచి కొస వరకు చెరిగిపోయిందా అని నేను అప్పుడు ఎందుకు అడగలేదో నాకే అర్థం కావడం లేదు. అయస్కాంతం పెట్టి చూశాను, అంటుకోలేదు, తృప్తి పడ్డాను. నిజానికి ఆ పరీక్ష ఈ రెండు రకాలను వేరు చేయలేదు. అసలైన 304 కూడా వంచిన చోట కొద్దిగా అయస్కాంతానికి లాగుతుంది, మాంగనీసు రకమేమో తిన్నని పైపుగా ఉన్నంతవరకు కదలదు. ల్యాబు కాగితం చూపించినప్పుడు ఆయన, "పొగ గొట్టానికి ఏదైతేనేమండీ?" అన్నారు. ఎనిమిదేళ్లుగా ప్రతి బిల్లు మీదా 304 అని రాసి, 304 ధర వసూలు చేసిన మనిషి నోటి నుంచి ఆ మాట వచ్చింది. సగం ధరకు మిగిలిన సరుకు వెనక్కి తీసుకుంటానన్నారు. ఇవ్వలేదు. ఇస్తే అది మరో షెడ్డుకు 304 పేరుతోనే వెళుతుంది.

అందరికీ చెప్పాలా వద్దా అనే ప్రశ్న దగ్గర మూడు రాత్రులు నిద్ర పట్టలేదు. 27 మందిలో సముద్రం దగ్గర ఉన్నవారు ఎనిమిది మందే. కర్నూలులో, నల్గొండలో, వరంగల్‌లో తిరిగే బళ్లకు రెండు మూడేళ్ల దాకా ఒక్క మచ్చ కూడా కనపడకపోవచ్చు. లెక్కలు చూసే మా బావగారు, అడిగినవారికి మార్చి ఇస్తే చాలునని, అడగని వారిని లేపడం దేనికని అన్నారు. ఆయన మాటలో అన్యాయమేమీ లేదు, ఎందుకంటే 27 పైపుల ఖర్చు మా మూడు నెలల సంపాదన. క్రోమ్ పూత వేయించి ఇవ్వమని మరొకరు సలహా ఇచ్చారు. పూత వేసి కప్పిపెట్టే పనే అయితే మామూలు ఇనుప పైపు చాలదా? చివరికి బిల్లు పుస్తకం తీసి చూస్తే, 27 చోట్లా నా చేతిరాతతోనే 304 అని ఉంది. నల్గొండ బిల్లులో ఒక రకంగా, మచిలీపట్నం బిల్లులో మరో రకంగా రాయలేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. 60, 61 సంఖ్యల పైపులలో వెల్డింగు తప్పు కూడా ఉంది, అది పూర్తిగా నాదే. ఆ రాత్రి సిలిండర్ ఖాళీ అయ్యే దశలో ఉండి, లోపలికి పంపే ఆర్గాన్‌ను తగ్గించాను. బయట గీత అందంగా వచ్చిందని లోపలికి లైటు వేసి చూడకుండానే పంపాను. ఆ ఇద్దరికీ ఫోన్ చేసి ముందే చెప్పాను.

68వ సంఖ్య నుంచి వాడుతున్న పైపు వేరే చోటు నుంచి వస్తోంది. ప్రతి పొడవు మీదా పరీక్ష ద్రావణం చుక్క వేసి, చిన్న బ్యాటరీ తాకించి, మాంగనీసు ఎరుపు తేలడం లేదని చూసిన తరువాతే కోస్తున్నాను. ప్రతి లోడు నుంచి ఒక ముక్క ల్యాబుకు వెళుతుంది. ధర కొంత పెరిగింది, తగ్గించలేను. వారానికి మూడు పైపుల కంటే ఎక్కువ చేయలేను కనుక, అన్నీ మార్చడానికి రెండు నెలలకు పైగా పడుతుంది. సముద్రం దగ్గరివారివి ముందు చేస్తాను. కొలతల జిగ్గులు (పైపును సరైన కొలతలో బిగించి పట్టే చట్రాలు) నా దగ్గర ఉన్నాయి కాబట్టి బండి తీసుకురానక్కరలేదు. కొత్తది అందిన తరువాత పాతది పంపండి, రెండు వైపులా రవాణా ఖర్చు నాదే. మార్చుకోవడం కంటే డబ్బే కావాలన్నవారికి డబ్బు ఇస్తాను.

మొదట చేసేది 52వ పైపు. ఆ రోజు దాని యజమాని గారు మా షెడ్డుకు వచ్చి, రెండో వెల్డింగు హెల్మెట్ పెట్టుకుని, పక్కన కూర్చుని చూడవచ్చు. ఫ్యాను మాత్రం వేయను.