జాషువా అంటే గబ్బిలం ఒక్కటేనా?

చెన్నైలో కవి గుర్రం జాషువా మీద జరిగే తెలుగు సభలు, సెమినార్లు ఆయన గబ్బిలం కావ్యం దగ్గరే ఆగిపోతున్నాయి, ఆయనే రాసిన క్రీస్తు చరిత్ర కావ్యాన్ని పట్టించుకునేవాళ్లే కనపడట్లేదు. 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది ఆ కావ్యానికే కదా, అయినా నేను వెళ్లిన సభల్లో దాన్నుంచి ఒక్క పద్యం కూడా ఎవరూ చదవలేదు. చర్చిలో అడిగితే అది సాహిత్యం అంటారు, సాహిత్యం వాళ్లనడిగితే అది మతం అని జంకుతారు, మధ్యలో నష్టపోయేది పాఠకులే. గబ్బిలంతో కాశీలో శివుడికి మొర పంపించిన కవీ, క్రీస్తు కథని తెలుగు పద్యాల్లో రాసిన కవీ ఒక్కరే, ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదవకపోతే దేవుడి గురించి, కులం గురించి ఆయన ఏం ఆలోచించారో సగమే తెలుస్తుంది. పైగా ఆయన 1957-59 మధ్య మద్రాసు రేడియోలో పనిచేశారు, కాబట్టి ఈ పని మన ఊళ్లోనే మొదలవ్వాలి. ఇక్కడి తెలుగు శాఖలు, క్రైస్తవ కాలేజీలు కలిసి ఏటా సెప్టెంబర్ 28న, ఆయన పుట్టినరోజున, క్రీస్తు చరిత్ర మీదే సెమినార్ పెట్టి ఆ పేపర్లు పుస్తకంగా వేయాలి, తమిళ మీడియంలో చదువుకున్న మన పిల్లలకి కూడా అర్థమయ్యేలా తాత్పర్యంతో ఒక చవక ఎడిషన్ తేవాలి.

– ఒక పాఠకురాలు, పెరంబూర్, చెన్నై